కిటికీ గట్టు మీది తీపి

వెర్నెట్టా పింక్నీ ఏ గదిలోకి వెళ్ళినా ముందు కిటికీ దగ్గరికి నడుస్తుంది. కుడిచేతి చూపుడు వేలితో కిటికీ గట్టును ఈ చివర నుంచి ఆ చివరిదాకా తుడుస్తుంది. వేలు పైకెత్తి వెలుతురులో చూసుకుంటుంది. ఆ తర్వాతే మనుషుల ముఖాలు చూస్తుంది.

పెళ్ళిళ్ళలో అలాగే చేసింది. ఆసుపత్రుల్లో అలాగే చేసింది. మా అమ్మ పోయినరోజు నన్ను ఓదార్చడానికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసే ముందు కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. కొత్తవాళ్ళు ఆమెకు శుభ్రం పిచ్చి అనుకుంటారు. మా వీధిలో ఎవరూ అలా అనుకోరు. మా వీధి మొత్తంలో మురికి మెట్లు ఆమెవే.

బాల్టిమోర్‌లో మా పడమటి వాడ ఇళ్ళన్నీ ఒకదాని భుజం ఒకటి ఆనుకున్న ఇటుక ఇళ్ళు. ప్రతి గుమ్మం ముందూ మూడు పాలరాతి మెట్లు. శనివారం పొద్దున్నే ఆ మెట్లు రుద్దాలి. బకెట్టు నీళ్ళు, బ్రష్షు, తెల్లపొడి, నురగరాయి. లోపల పైకప్పు కారనీ, ఎలుకలు తిరగనీ, మెట్లు మాత్రం పాలలా ఉండాలి. "మనల్ని తూచేవాళ్ళు లోపలికి రారే. మెట్ల దాకా వచ్చి తూచి పోతారు" అనేది మా అమ్మ.

వెర్నెట్టా మెట్లు యాభై ఏళ్ళుగా నీళ్ళు ఎరగవు. నల్లబడ్డాయి. అంచుల్లో నాచు పట్టింది.

"వెర్నెట్టా మెట్ల మీద పావురం కూడా వాలదు. కాళ్ళు మాస్తాయని దానికి భయం" అనేది ఎదురింటి కార్లోటా, వీధంతా వినేటట్టు.

"నీ మెట్లు పాలలా ఉన్నాయిగా, నాకి తాగు కార్లోటా. పొయ్యి వెలిగించే పని తప్పుతుంది" అనేది వెర్నెట్టా, తల తిప్పకుండానే.

ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటింట్లో పనిచేసింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు ఎల్రాయ్ ఆమెతోనే ఉంటాడు. యాభై దాటిన మనిషి. ఆరడుగుల పైన పొడవు. బూట్ల తాళ్ళు ఇప్పటికీ ఆమే కడుతుంది.

వాళ్ళు మా వరసలోనే, మూలమీద నుంచి నాలుగో ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళు, చిన్నప్పుడు. అప్పుడు వెర్నెట్టాకు తొమ్మిదేళ్ళు, ఎల్రాయ్‌కి రెండు. తల్లి బ్యూలా ఒక హోటల్లో దుప్పట్లు ఉతికేది. శనివారం కూడా పనే. వెళ్తూ వెళ్తూ కూతురికి ఒకే మాట చెప్పేది.

"మెట్లు రుద్దు. తమ్ముణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టు. నీ కంటికి కనిపిస్తూ ఉంటాడు."

ఆ వీధిలో తల్లులందరూ చెప్పిన మాటే అది. మా అమ్మా నాతో అదే చెప్పింది. పిల్లవాణ్ణి కార్లు తిరిగే రోడ్డు మీద పెట్టలేం. లోపల కనపడని చోట వదలలేం. కిటికీ అయితే అద్దం అడ్డం ఉంటుంది, బయట నుంచి చూసుకోవచ్చు. శనివారం మా వీధిలో నడిస్తే మెట్టుకో ఆడపిల్ల వంగి రుద్దుతూ ఉండేది, కిటికీకో పసిపిల్ల గట్టు మీద గడ్డం ఆనించి చూస్తూ ఉండేది.

ఎల్రాయ్‌కి పళ్ళు వస్తున్న వయసు. గట్టు మీద తెల్లరంగు పొరలు పొరలుగా లేచి ఉండేది. వాడు ముందుపళ్ళతో గీకేవాడు. పెచ్చు ఊడితే నోట్లో పెట్టుకునేవాడు.

"ఏం తింటున్నావురా?" అని ఒకసారి అద్దం ఇవతల నుంచి అడిగింది.

"మిఠాయి" అన్నాడు.

లోపలికి వెళ్ళి తనూ ఒక పెచ్చు నాలుక మీద పెట్టుకుంది. నిజంగానే తియ్యగా ఉంది.

"తమ్ముడికి ఊరికే మిఠాయి దొరికిందని సంతోషపడ్డాను జెనీవా" అని నాతో చెప్పింది. ఈ మాట ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఏడు నెలలు వాడు ఆ కిటికీ తిన్నాడు. ఆ ఏడు నెలలూ ఆమె మెట్లు వీధిలోకెల్లా తెల్లగా ఉన్నాయి.

ఆకులు రాలే కాలానికి వాడు వచ్చిన మాటలు మరిచిపోసాగాడు. ముందు "మిఠాయి" పోయింది. తర్వాత "అక్కా" పోయింది. ఒక ఆదివారం భోజనాల దగ్గర కళ్ళు తేలేసి కొట్టుకున్నాడు. ఆసుపత్రిలో రక్తం చూసి సీసం అన్నారు. పాత రంగులో సీసం ఉంటుందట. తొడల్లో పొడవాటి సూదులు వేశారు, రోజుకు ఆరు. పట్టుకోవడానికి నలుగురు కావలసి వచ్చింది. మూడువారాల తర్వాత నయమైందని ఇంటికి పంపారు. ఇల్లంటే ఆ ఇల్లే. ఆ కిటికీయే. వసంతం లోపల వాణ్ణి మరో రెండుసార్లు ఆ సూదుల దగ్గరికి మోసుకెళ్ళారు.

ఆ ఇల్లు విట్‌లాక్‌ది. మా వరసలో సగం ఇళ్ళు వాళ్ళ నాన్న నుంచి అతనికి వచ్చినవే. అప్పటికి ముప్పై ఏళ్ళ తెల్లాయన. మా మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. కారులో కూర్చుని హారన్ కొట్టేవాడు, మా తల్లులు చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చేవాళ్ళు. బ్యూలా మూడుసార్లు ఆ కారు కిటికీ దగ్గర వంగి, కొడుకు సంగతి చెప్పి, రంగు గీకించమని అడిగింది. చూద్దాం అన్నాడు. చివరికి కోర్టు దాకా వెళ్ళింది.

వెర్నెట్టా బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఉక్కగా ఉందని తలుపు తెరిచి పెట్టారు. విట్‌లాక్ గొంతు ఆమెకు బాగా వినిపించింది.

"రంగు తింటే పిల్లలు పాడవుతారని నాకేం తెలుసు సార్? నేను డాక్టర్నా? తిండి సరిగ్గా పెట్టకపోతే వీళ్ళ పిల్లలు గోడలు కూడా తింటారు. తల్లి చూసుకోవాలి."

జడ్జి విట్‌లాక్‌ని ఒక గదికి రంగు వెయ్యమన్నాడు. బ్యూలా పేరు మీద, పిల్లల్ని సరిగా చూడని తల్లి అని రాయించాడు.

ఆ శనివారాల్లో పిల్లవాణ్ణి చూస్తూ ఉన్నది తను కాదని, తొమ్మిదేళ్ళ కూతురని, బ్యూలా ఒక్క మాట అనలేదు. ఇంటికి నడిచి వస్తున్నప్పుడు కూడా అనలేదు. చచ్చిపోయేదాకా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని వెర్నెట్టా అంటుంది.

నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. మా వీధిలోనే అవతలి చివర ఇంకొకరి ఇల్లు అద్దెకు దొరికింది. సామాను తోపుడు బండికి ఎక్కిస్తుంటే వెర్నెట్టా వంటింటి చెంచాతో కిటికీ గట్టు గీకింది. పెచ్చులన్నీ పచ్చడి సీసాలో నింపుకుంది. మూత బిగించి గౌనులో దాచుకుంది. ఆ రోజు నుంచి ఆమె మెట్లు రుద్దలేదు.

ఎల్రాయ్ మాటలు కొన్ని తిరిగి వచ్చాయి. అన్నీ రాలేదు. బడిలో వాణ్ణి నేలమాళిగలో ఉన్న గదికి పంపారు. అక్కడ పద్ధెనిమిది మంది పిల్లలు, అందరూ మా వీధుల పిల్లలే. బ్యూలా వెళ్ళి పంతులమ్మకి సీసం సంగతి చెప్పింది. ఆవిడ ఓపికగా విని, "సీసమో మరొకటో, మీ వాడలో పిల్లలకి చదువు ఇంతే అంటుతుంది లెండి. చేతిపని నేర్పుతాం" అంది. మేం పైగదుల్లో చదువుకుంటుంటే కింద నుంచి వాళ్ళు చెక్క గీకే చప్పుడు వచ్చేది.

పన్నెండేళ్ళకే వాడు మగవాడంత ఎదిగాడు. బ్రెడ్డు తెమ్మంటే కొట్టు దాకా వెళ్ళి, ఏం తెమ్మన్నారో మరిచిపోయి, గుర్తొచ్చేదాకా అక్కడే నిలబడేవాడు. అలా నిలబడ్డ నల్లపిల్లవాణ్ణి కొట్టువాడు ఇంకో రకంగా చూశాడు. పోలీసు వచ్చి ఇక్కడేం పని అన్నాడు. గుర్తు రావడం లేదన్నాడు ఎల్రాయ్. అది పొగరు అనుకున్నారు. పంతొమ్మిదో ఏట ఒక దొంగతనం కేసులో పోలీసులు వాడి ముందు కాగితం పెడితే సంతకం చేశాడు. ఏం కాగితమో వాడికి తెలియదు. రెండేళ్ళు లోపల ఉన్నాడు. నెలనెలా రెండు బస్సులు మారి వెర్నెట్టా వెళ్ళేది. అక్కడి గదిలో కూడా ముందు కిటికీ గట్టు తడిమేది. అక్కడ కిటికీకి గట్టు లేదు, ఇనుప చువ్వలే.

ఎల్రాయ్ ప్రతి పుట్టినరోజుకీ ఆమె ఒక కవరు పోస్టు చేసేది. లోపల సీసాలోంచి తీసిన రంగు పెచ్చు ఒకటి. ఒక చీటీ. చీటీ మీద ఒక వాక్యం. *ఎల్రాయ్‌కి ఇవాళ ఏడు.* *ఎల్రాయ్‌కి ఇవాళ పంతొమ్మిది.* *ఎల్రాయ్‌కి ఇవాళ నలభై.* పంపినవారి పేరు ఉండేది కాదు. విట్‌లాక్ ఇళ్ళు మారాడు. ప్రతిసారీ కొత్త చిరునామా కనుక్కుంది.

"జవాబు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగాను.

"జవాబు కోసం రాసేవాళ్ళు పేరు రాస్తారు" అంది.

నేనూ ఆమె చర్చిలో గుమ్మం సేవ చేస్తాం. తెల్ల దుస్తులు, తెల్ల చేతితొడుగులు. సేవలో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు. చేతులతోనే అన్నీ. చెయ్యి నడుం వెనక పెడితే నేను కాస్తున్నానని. రెండు వేళ్ళు చూపిస్తే రెండు చోట్లు ఖాళీ అని. కుడి అరచెయ్యి ఎదురుగా ఎత్తితే లోపల ప్రార్థన జరుగుతోంది, ఆగాలని. ఆ చెయ్యి దించేదాకా ఎవరూ గుమ్మం దాటరు. ఆలస్యంగా వచ్చిన పాస్టర్ గారి భార్య కూడా వానలో నిలబడింది ఒకసారి.

పోయిన వేసవిలో పాస్టర్ గారు వేదిక మీద నుంచి శుభవార్త చెప్పారు. విట్‌లాక్ అనే పెద్దాయన, ఎనభై దాటినవాడు, మన వీధిలో ఒక ఇల్లు చర్చికి దానం ఇస్తున్నాడు. పనికి వెళ్ళే తల్లుల పిల్లలకు అక్కడ సంరక్షణ గది పెడతాం. ఆదివారం ప్రతిష్ఠ, సోమవారం నుంచి పిల్లలు. పదకొండు మంది పేర్లు అప్పటికే వచ్చాయి.

ఏ ఇల్లో చెప్పారు. మూలమీద నుంచి నాలుగోది.

సేవ అయిపోయాక వెర్నెట్టా చేతితొడుగులు తీసి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"కిటికీలు మార్చారా పాస్టర్ గారూ?"

"ఇల్లంతా కొత్త రంగు వేయించారు సిస్టర్. పెళ్ళికూతురులా ఉంది."

"కిటికీలు మార్చారా అని అడిగాను."

"ఇంటి ముందుభాగం పాత పద్ధతిలోనే ఉంచమన్నారు. అందంగా ఉంటుందని. అన్నీ సరిగ్గా ఉన్నాయని కాగితం ఉంది. ముద్ర ఉంది."

"ముద్ర కాగితానికి ఉంది. కిటికీకి లేదు."

పాస్టర్ గారు చెడ్డవాడు కాదు. ఏళ్ళ తరబడి ఆ గది కోసం తిరిగాడు. "సిస్టర్ పింక్నీ, మీ ఇంటి బాధ నాకు తెలుసు. కానీ ఒక మనిషి చివరిదశలో మంచి చేస్తానంటే చెయ్యి అడ్డం పెడతామా? ఆదివారం గుమ్మం దగ్గర మీరే నిలబడాలి. మాట్లాడే పని మాకు వదిలెయ్యండి" అన్నాడు.

ఆమె మా అందరి గుమ్మాలూ తిరిగింది. తల్లులు విన్నారు. ఏం చేస్తారు? పిల్లల్ని చూసే మనిషి లేకపోతే పని పోతుంది. నా మనవరాలు ఇమానీ పేరు నేనే రాయించాను. తీసెయ్యమని నన్నూ అడిగింది.

"కాగితం ఉంది కదే" అన్నాను.

నన్ను చూడలేదు. నా కిటికీ వైపు చూసి వెళ్ళిపోయింది.

ఆదివారం ఎండ మండిపోయింది. ఆ ముందుగదిలో నలభై మందిమి ఇరుక్కున్నాం. గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద విట్‌లాక్ పేరు మెరుస్తోంది. మెట్లు ఎవరో పాలలా రుద్దారు. విట్‌లాక్‌ని చక్రాల కుర్చీతో సహా నలుగురు ఎత్తి లోపల పెట్టారు. ఆ మెట్లు దాటడం ఆయనకు అదే మొదటిసారి. పక్కన మనవరాలు, ఇరవై ఐదేళ్ళ పిల్ల. ఆమె కొడుకు, ఏడాదిన్నర వాడు, ఫొటో కోసమని తెచ్చారు.

వెర్నెట్టా గుమ్మం దగ్గర కాపలా. నేను ఇవతల గోడకి. ఎల్రాయ్ వెనక వరసలో కుర్చీలో.

వేడి తట్టుకోలేక మా చర్చి పెద్ద ఒకాయన కిటికీ తియ్యబోయాడు. కొత్త రంగుకి బిగుసుకుపోయింది. భుజం ఆనించి రెండుసార్లు ఎత్తాడు. చిట్లిన చప్పుడుతో లేచింది. దాంతోపాటు పాత పొరలు విరిగి గట్టు మీద రాలాయి. పైన కొత్త తెలుపు, కింద పాత తెలుపు. గాలి వచ్చింది. అందరూ అమ్మయ్య అన్నారు.

వెర్నెట్టా తల తిప్పి గట్టు చూసింది.

పాట మొదలైంది. పిల్లవాడు తల్లి ఒళ్ళోంచి జారి, తప్పటడుగులతో కిటికీ దాకా వెళ్ళాడు. గట్టు వాడి గడ్డం ఎత్తున ఉంది. ఒక పెచ్చు తీశాడు. నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకటి తీశాడు.

తల్లి పాట కాగితం చూస్తోంది. విట్‌లాక్ పలక వైపు చూస్తున్నాడు. నేను వెర్నెట్టాని చూశాను. ఆమె పిల్లవాణ్ణి చూస్తోంది. ఎడమచెయ్యి నడుం వెనక, కుడిచెయ్యి పక్కన. కదల్లేదు.

ఒక చరణం అయింది. రెండో చరణం ఎత్తుకున్నారు. నా నోరు నేను ఎందుకు తెరవలేదో తెలియదు. మూడో పెచ్చు, నాలుగోది.

వెనక వరసలోంచి ఎల్రాయ్ గొంతు వచ్చింది.

"అక్కా. బాబు కిటికీ తింటున్నాడు."

పాట మీద ఆ మాట ఎక్కువమందికి వినపడలేదు. వాడు లేచాడు. కుర్చీలు జరుపుకుంటూ వెళ్ళి, వంగి, పిల్లవాణ్ణి రెండు చేతులా ఎత్తుకున్నాడు. "వద్దు నాన్నా. తియ్యగానే ఉంటుంది. వద్దు" అంటున్నాడు.

తల్లి తల ఎత్తింది. తన కొడుకు, ఆ అంత పొడవు మనిషి చేతుల్లో. కేక పెట్టింది.

"వదులు! నా బిడ్డని వదులు! ఎవరైనా పట్టుకోండి!"

విట్‌లాక్ వెంట వచ్చిన ఇద్దరు మగవాళ్ళు ఒక్క గంతులో ఎల్రాయ్ మెడ మీద చెయ్యి వేశారు. పాట ఆగిపోయింది. ఎల్రాయ్ పెనుగులాడలేదు. వాడికి అలవాటే. బాబు కింద పడకుండా మోచేతులు మాత్రం బిగించి పెట్టుకున్నాడు.

అప్పుడు వెర్నెట్టా కదిలింది. పరుగెత్తలేదు. సేవలో నడిచినట్టే నడిచింది. ఎల్రాయ్ చేతుల్లోంచి పిల్లవాణ్ణి తీసుకుంది. కుడిచేతి చూపుడు వేలు వాడి నోట్లో పెట్టి చిగుళ్ళ చుట్టూ తిప్పింది. వేలు బయటికి తీసి, వెలుతురులో చూసుకుంది. తెల్ల తొడుగు మీద తడిసిన బూడిదరంగు పెచ్చులు.

పిల్లవాణ్ణి తల్లికి ఇచ్చేసింది. తొడుగు ఊడదీసి విట్‌లాక్ మోకాలి మీద పరిచింది.

ఇరవై ఏడేళ్ళ సేవలో మొదటిసారి ఆమె తెల్ల దుస్తుల్లో మాట్లాడటం విన్నాం.

"మీ మునిమనవడు మీ కిటికీ తిన్నాడు. పాట మొదలైన దగ్గర నుంచి తింటున్నాడు. తల్లి చూసుకోవాలి."

ముసలాయన తొడుగు వైపు చూశాడు. వణికే గొంతుతో అరిచాడు.

"నోరు కడగండి! ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఇప్పుడే! రక్తం చూడమనండి. సీసం అని చెప్పండి. సీసం కోసం చూడమనండి!"



"అయితే నీకు తెలుసే" అంది వెర్నెట్టా. "నాకేం తెలుసు అన్నావుగా ఆ రోజు. నేను బయట బల్ల మీదే ఉన్నాను."

ఆయన ఆమె ముఖం కేసి చూశాడు. అర్థమైంది. "ఆ కవర్లు... ఆ కవర్లు పంపేది నువ్వా?"

"ఎల్రాయ్‌కి యాభై రెండు. అదుగో, నీ మనుషులు మెడ పట్టుకున్నది వాడిదే."

ఆ మగవాళ్ళు చేతులు తీసేశారు.

"ఆ కవర్లు చూసే ఈ ఇల్లు ఇచ్చాను" అన్నాడు ముసలాయన. ఏడుస్తున్నాడు. "ఏటేటా అవే. నిద్ర లేదు నాకు. పిల్లలకి ఏదైనా చేద్దామనే ఇచ్చాను."

"కిటికీలు మార్చకుండా ఇచ్చావు" అంది.

తల్లి ఆ పాటికే గుమ్మంలో ఉంది, బిడ్డని గుండెకు అదుముకుని. నా ముందు నుంచే వెళ్ళింది. "నేను పక్కనే ఉన్నాను, నేను పక్కనే ఉన్నాను" అంటోంది, ఎవరితోనో తెలియదు.

సాయంత్రం వెర్నెట్టా తన నల్లమెట్ల మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా తెల్ల దుస్తులు మాసినా లెక్కచెయ్యలేదు. లోపల ఎల్రాయ్ రేడియో పెట్టుకున్నాడు.

"ఆ పిల్లవాడికి ఏమవుతుంది?" అని అడిగాను.

"ఒక్కపూట తింటే పెద్దగా ఏమీ కాదు. ఆ ముసలాడు మంచి డాక్టర్లని పెడతాడు. మావాడు ఏడు నెలలు తిన్నాడు."

"అది తెలిసే ఊరుకున్నావా?"

మెట్టు అంచున నాచును వేలితో గీకింది.

"లేదు జెనీవా. అది తర్వాత తట్టింది."

వీధి దీపం వెలిగింది. కార్లోటా తన గుమ్మంలోంచి మమ్మల్ని చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"యాభై ఏళ్ళు ఆ గొంతు అలా వణకాలని చూశాను. వణికింది. కడుపు నిండింది, అబద్ధం ఎందుకు?" అంది. "కానీ ఆ పిల్ల, ఆ తల్లి. ఆమె ముఖం సరిగ్గా మా అమ్మ ముఖం అయిపోయింది. చూశావా?"

"చూశాను."

"అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోను కూడా. ఎల్రాయ్ నోరు తెరవకపోతే పాట అయిపోయేదాకా నిలబడేదాన్నేమో. వాడికి బూట్ల తాళ్ళు కట్టుకోవడం రాదు. అది మాత్రం గుర్తుంది."

"రేపు పిల్లల్ని పంపరులే ఎవరూ" అన్నాను.

"పంపుతారు. కిటికీ మూసేసి, తుడిచేసి, పంపుతారు. పాస్టర్ గారు సాయంత్రమే ఇద్దరు ఆడవాళ్ళని తడిగుడ్డలతో పంపించారు. పదకొండు మంది తల్లులకీ రేపు ఏడింటికి బస్సు ఉంది. నీ కూతురికీ ఉంది."

నా కూతురు అప్పటికే ఇమానీ సంచి సర్దింది.

సోమవారం ఆరున్నరకు ఇమానీ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాను. లోపలికి పంపడానికా, పంపకుండా ఉండటానికా, నాకే తేలలేదు.

మూలమీద నుంచి నాలుగో ఇంటి గుమ్మంలో వెర్నెట్టా నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన తెల్ల దుస్తులు. ఎడమచేతికి తెల్ల తొడుగు. కుడిచెయ్యి వట్టిది. పాలరాతి మెట్ల మీద ఆమె బూట్ల మట్టి. కిందిమెట్టు మీద ఎల్రాయ్ కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పచ్చడి సీసా. అడుగున నాలుగు పెచ్చులే మిగిలాయి.

తల్లులు ఒక్కొక్కరే వచ్చారు, పిల్లల్ని చంకనేసుకుని, గడియారాలు చూసుకుంటూ. ఒకామె, "జరుగు సిస్టర్, నా బస్సు వెళ్ళిపోతుంది" అంది. ఇంకొకామె, "నిన్నే తుడిచారట కదా" అంది. వెర్నెట్టా పలకలేదు. ఎల్రాయ్ మాత్రం మూత తీసి, సీసా అందరికీ చూపించాడు. "తియ్యగా ఉంటుంది" అన్నాడు. "అందుకే తిన్నాను."

ఏడు కావస్తుండగా పాస్టర్ గారు తాళంచెవి చేత్తో పట్టుకుని వచ్చాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

వెర్నెట్టా కుడి అరచెయ్యి ఎత్తింది.

ఆయన ఆగాడు. కాలు కిందికి తీసుకున్నాడు. ఆయన వెనక మేమందరం ఆగాం.